పగటికి ఎర్రదారం

పోయిన వారం మనం కథ ఆపిన చోట నిస్సార్ చేతిలో తాళంచెవి ఉంది. అతని తండ్రి రసూల్ సాహెబ్ మెడ మీద ఎర్రటి వాత ఉంది. డోన్ పాత బస్టాండు వెనక సందులో నలభై ఏళ్ళుగా పరుపులు కుడుతున్న మనిషి, దూది ఏకే మిషను ముందు కూర్చుని కునికిపాట్లు పడ్డాడు. మెడకు చుట్టుకున్న తువ్వాలు కొస మిషను పళ్ళలో చిక్కుకుంది. కొడుకు ఒక్క ఉరుకున వచ్చి స్విచ్చి కట్టేశాడు కాబట్టి గండం తువ్వాలుతో పోయింది. ఆ సాయంత్రమే నిస్సార్ మిషను గదికి తాళం వేసి, "నీకు డెబ్బై రెండేండ్లు నాయనా. రేత్రంతా నిద్ర ల్యా, పగలంతా తూగుతాండావు. ఇంగ చాలు" అనేశాడు. వచ్చే గురువారం ఆదోని వ్యాపారి బండి తెచ్చి మిషను తీసుకుపోతాడని కూడా చెప్పాడు.

ఈ రోజు ఆ గురువారం.

ఈ వారమంతా ఇంట్లోవాళ్ళు మాట్లాడారు, వీధిలోవాళ్ళు మాట్లాడారు, టీకొట్టు దగ్గర పనీపాటా లేనివాళ్ళు కూడా మాట్లాడారు. మాట్లాడనిది మాబున్నీసా ఒక్కతే. రసూల్ సాహెబ్ పెళ్ళాం అంత నిమ్మళంగా ఉందేమిటని జనం ఆశ్చర్యపోయారు కానీ, ఆమెను ఎరిగినవాళ్ళకు తెలుసు. మాబున్నీసా నోరు కట్టుకుందంటే చేతులతో ఏదో కుడుతోందని అర్థం.

ఆమెకు అరవై ఏడేళ్ళు. మొగుడు దూది ఏకితే ఆమె పైగుడ్డ గలీబులు కుట్టింది, ఆయన దూది నింపితే ఆమె దబ్బనం పట్టుకుని టాకాలు వేసింది. టాకా అంటే పరుపులో దూది కదలకుండా అడుగుదాకా దించి బిగించే కుట్టు. ఆమె వేసిన టాకా పదేళ్ళకు కూడా వదలదని డోన్‌లో పేరు. మిషను పోతే ఆ మనిషి ఏమవుతాడో ఆమెకు బాగా తెలుసు. ఆయన తోడబుట్టిన అన్న పని మానేసి అరుగు మీద కూర్చున్న ఆరు నెలలకే మనుషుల్ని గుర్తుపట్టడం మానేశాడు. తన మొగుణ్ణి అట్లా కానివ్వదు. ఆ సంగతిలో ఆమెకు ఏ సందేహమూ లేదు.

పొద్దున తొమ్మిదిన్నరకు ముగ్గురూ అంగట్లో ఉన్నారు. మధ్యలో చాప మీద కుట్టడం పూర్తయిన కొత్త పరుపు పరిచి ఉంది. రసూల్ సాహెబ్ తన అంగట్లో తానే చుట్టంలా స్టూలు మీద కూర్చున్నాడు. నిస్సార్ చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుని, ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తున్నాడు. వాడి కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. సెల్లు చూస్తూ పొద్దుపోయేదాకా మేలుకుని ఉంటాడని మనసులోనే తిట్టుకుంది మాబున్నీసా.

"పదకొండింటికి బండి వస్తాది" అన్నాడు నిస్సార్ ఎవరి మొహమూ చూడకుండా. "ఎక్కిచ్చి పంపిస్తే పని అయిపాయ."

"నన్ను గూడా ఎక్కిచ్చప్పా" అన్నాడు రసూల్ సాహెబ్. "రెండూ పాత సామానే గదా."

"నాయనా, నీ మంచికే చెప్తాండా."

"నా మంచి నాకు తెలుసు. రేత్రి కంటి మీద కునుకు ల్యాకపాయె. ఒగటిన్నరకి లేసి కూర్చుంటే తెల్లారేదే ల్యా. దానికి నేనేం చేయల్ల? నిద్ర అంగట్లో అమ్ముతారా?"

మాబున్నీసా దారాల డబ్బా ఒళ్ళోంచి దించి లేచి నిలబడింది. "బండి వచ్చేలోపల నాది ఒగ మాట ఉండాది. ఇద్దరూ ఇట్ల రాండి."

ఆమె కొంగులోంచి ఒక గుడ్డపీలిక తీసి కొత్త పరుపు మీద పరిచింది. పరుపుకు వాడే చారల గుడ్డే. జానెడు వెడల్పు, బారెడు పొడవు. దాని మీద వరసలు వరసలుగా నల్లవీ ఎర్రవీ టాకాలు. వరసకు వరసకు మధ్య వేలెడు సందు.

"ఇదేంది మా?" అన్నాడు నిస్సార్.

"మీ నాయన నిద్ర."

తండ్రీ కొడుకూ మొహమొహాలు చూసుకున్నారు. ఆమెకు అది ఎంత తృప్తినిచ్చిందంటే, పన్నెండు రోజులు నోరు కట్టుకున్న కష్టమంతా అక్కడికక్కడే తీరిపోయింది.

రెండు వారాల కిందట ఆమె బీపీ మాత్రల కోసం ప్రభుత్వాసుపత్రికి పోయింది. అక్కడి డాక్టరమ్మ సుజన చిన్న పిల్లే కానీ మాట నిదానం. మా ఆయనకు నిద్ర పట్టడం లేదని మాబున్నీసా చెప్పుకుంటే ఆ పిల్ల నవ్వి, "పట్టలేదని అందరూ చెప్తారమ్మా, ఎప్పుడు పట్టిందో ఎవ్వరూ చెప్పరు. కొన్నాళ్ళు రాసుకుని రండి. పగలు పడుకున్నదీ రాయాలి, రాత్రి పడుకున్నదీ రాయాలి. ఏం మింగుతున్నారో అదీ రాయాలి" అంది. రెండో తరగతిలో బడి మానేసిన మాబున్నీసాకు రాయడం రాదు. రాదని డాక్టరమ్మకు చెప్పలేదు కూడా. ఇంటికి వచ్చి గుడ్డ చించింది.

"ఒగ దినానికి ఒగ వరస" అంది ఇప్పుడు. "అర్ధగంటకి ఒగ టాకా. రేత్రికి నల్లదారం, పగటికి ఎర్రదారం. మొదటి వరస లెక్కపెట్టు నిస్సారూ."

నిస్సార్ వంగి వేలితో లెక్కపెట్టాడు. "నల్లవి పది. ఎర్రవి ఐదు."

"అంటే ఎన్ని గంటలు?"

"ఏడున్నర." అతను ఇంకోసారి లెక్కపెట్టుకున్నాడు. "ఏడున్నర గంటలా? నాకే అంత నిద్ర ల్యా మా!"

"అబద్ధం!" రసూల్ సాహెబ్ స్టూలు మీంచి లేచాడు. "రేత్రి సంగతి సరే. పగలు నేను పడుకునేదే ల్యా. నలభై ఏండ్లల్ల ఈ అంగట్లో నేను పగలు కన్ను మూసింది చూసినోళ్ళుంటే పిలిపీ. రేత్రంతా నువ్వు మేలుకొని చూసినావా?"

"నాది మాత్రం నిండు నిద్రా? నీ మంచం కిర్రుమంటే నాకు మెలకువ వస్తాది. నువ్వు ఎనిమిదిన్నరకి గుర్రు మొదలుపెడతావు, ఒగటిన్నరకి లేసి కూర్చుంటావు. ఐదు గంటలు. ఇంగ పగలంటావా, పరుపు మీద పడుకుంటావు గదా మధ్యాన్నం?"

"అది నిద్ర గాదు" అన్నాడు రసూల్ సాహెబ్ చాలా గంభీరంగా. "అది పరుపు చూసేది."

ఆ మాట ఆయన అబద్ధానికి అనలేదు, మనసారా నమ్మి అన్నాడు. ఆయన నాయన పెట్టిపోయిన పద్ధతి అది. పరుపు గిరాకీ చేతిలో పెట్టే ముందు కుట్టినవాడే దాని మీద వెల్లకిలా పడుకుని చూడాలి. దూది ఎక్కడైనా గడ్డ కట్టి ఉంటే కంటికి తెలియదు, చేతికీ తెలియదు, వీపుకే తెలుస్తుంది. గడ్డ తగిలిందా, ఎంత తొందరున్నా, గిరాకీ నెత్తి మీద నిలబడి ఉన్నా, కుట్టు విప్పాల్సిందే. వయసులో ఉన్నప్పుడు రసూల్ సాహెబ్ ఐదు నిమిషాలు పడుకుని లేచేవాడు. ఈ మూడు నాలుగేళ్ళలో ఆ ఐదు నిమిషాలు గంటయింది, గంట రెండు గంటలయింది. ఎండ తగలకుండా అంగడి ముందు పట్టా కూడా దించుకునేవాడు. ఎవరైనా వస్తే మాబున్నీసాయే, "సాయబు పరుపు చూస్తాండాడు, సందకాడ రా అప్పా" అని పంపించేది. దాన్ని నిద్ర అంటారని మొగుడికీ తోచలేదు, పెళ్ళానికీ తోచలేదు. ఎర్రదారం చేతిలో పట్టుకున్నాకనే ఆమెకు తెలిసింది. తెలిసిన రోజు ఆమెకు తన మీద తనకే సిగ్గేసింది.

సరిగ్గా అప్పుడే స్టేషను దగ్గర మెస్సు నడిపే నాగలక్ష్మమ్మ గడప ఎక్కింది. చాప మీద పరుపు ఆమెదే. వాళ్ళ అత్తగారి నడుంనొప్పికి కుట్టించుకుంటోంది.

"మాబక్కా, పరుపు అయ్యిందా?"

"అయ్యింది గాని, నాగలక్ష్మమ్మా, నువ్వు పోయిన మంగళవారం మధ్యాన్నం వచ్చినావు గదా. మీ సాయబన్న ఏం చేస్తాండాడు?"

"ఏం చేస్తాడు? నా పరుపు మీదనే పడుకోని గుర్రు పెడతాండె. రెండుసార్లు పిలిచినా, ఉలుకూ ల్యా పలుకూ ల్యా. కుట్టినాయనకే ఇంత నిద్ర పట్టిందంటే మా అత్తకి నడుంనొప్పి పోయినట్లే అనుకోని మళ్ళుకున్యా." ఆమె ముగ్గురి మొహాలూ చూసి గొంతు తగ్గించింది. "యాల? ఏమన్నా తప్పు మాట్లాడినానా?"

"ల్యా, ల్యా. సరిగ్గా మాట్లాడినావు. మధ్యాన్నం మనిషిని పంపు, పరుపు ఇస్తా."

నాగలక్ష్మమ్మ పోయాక రసూల్ సాహెబ్ మొహం చిన్నబోయింది. ఆయన మెల్లగా పరుపు అంచున కూర్చుని గుడ్డపీలిక ఒళ్ళోకి లాక్కున్నాడు. బొటనవేలితో ఎర్రటాకాలు ఒక్కొక్కటీ తడిమాడు. ఆ వేలికి తెలియని కుట్టు లేదు.

"టాకాలు సమంగా పడినాయి" అన్నాడు చివరికి. ఇరవై మాటల్లో ఒప్పుకోవాల్సింది ఆయన అట్లా ఒప్పుకున్నాడు. మాబున్నీసా ఆయన పక్కన కూర్చుంది.

"మధ్యాన్నం అంత తిని, రేత్రి ఆకలి కాలేదంటే ఎట్లయ్యా?" అంది మెత్తగా. "డాక్టరమ్మ చెప్పింది. మన వయసుకి పొద్దు గూకంగానే నిద్ర ముంచుకొస్తాదంట, తెల్లారకముందే తేలిపోతాదంట. నిద్ర పల్చన అయితాదంట. అది రోగం కాదంట. నీకు నిద్ర పోలేదయ్యా. రెండు ముక్కలయ్యింది, అంతే."

"అట్లయితే తువ్వాలు సంగతేంది?" నిస్సార్ గొంతు కటువుగా వచ్చింది. "అది మధ్యాన్నం కాదు మా. పొద్దున తొమ్మిది. నేను రవంత ఆలస్యం చేసింటే నాయన మెడ పోయేది. ఇప్పటికీ కండ్లు మూస్తే అదే కనపడతాది నాకు."

"దానికే వస్తాండా." ఆమె గుడ్డ అంచు చూపించింది. కొన్ని వరసల చివర తెల్లదారం ముడులు వేలాడుతున్నాయి, మొత్తం నాలుగు. "ఇవి మాత్ర మింగిన రేత్రులు."

మాత్రల సంగతి నిస్సార్‌కు తెలుసు. నిద్రకు మంచిదని మందుల షాపులో ఎవరో చెబితే తెచ్చిందే అతను. పది మాత్రల అట్ట.

"అది నిద్ర మాత్ర కాదంట నిస్సారూ. జలుబు మాత్ర. దాంతో మత్తు వస్తాది, నిజమే. మీ నాయన వయసులో ఆ మత్తు తెల్లారినా దిగదంట. మాత్ర మింగిన మర్నాడు చూడు, ప్రతిసారీ పొద్దున్నే ఒగ ఎర్రటాకా పడింది. మాత్ర ల్యాని మర్నాడు పొద్దున ఒగటి గూడా ల్యా." ఆమె వేలు ఏడో వరస దగ్గర ఆగింది. అక్కడ ఎర్రటాకా పక్కన ఒక చిన్న గుడ్డముక్క కుట్టి ఉంది. మిషను పళ్ళు చీల్చిన తువ్వాలు పీలిక. "ఇది పోయిన శుక్రవారం. ముందు రేత్రి మాత్ర మింగినాడు."

నిస్సార్ ఆ పీలికను ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"శనివారం డాక్టరమ్మకి చూపిచ్చినా. మాత్రలు ఆపమనింది. మిగిలినవి ఆరు, నా దారాల డబ్బాలో దాచినా. దాని తర్వాత ఐదు వరసలు చూసుకో. పొద్దున పూట ఎరుపు యాడన్నా ఉండాదా? మిషను తప్పు కాదు నాయనా. వయసు తప్పు గూడా కాదు. మాత్ర."

"తెచ్చింది నేను" అన్నాడు నిస్సార్ నేల చూస్తూ.

"తెచ్చింది నువ్వు, మింగింది ఆయన, చూస్తా ఊరకుండింది నేను. ముగ్గురం సమానమే. ఇంగ ఏం చేయల్లనో విను. పొద్దున లేస్తానే మీ నాయన మిద్దె మీద ఎండలో దూది ఆరబోయల్ల. ఎనిమిది నుంచి పదకొండు దాంక మిషను, నువ్వు పక్కన ఉండంగా. మెడకి తువ్వాలు ఉండగూడదు."

"తువ్వాలు ల్యాకుండానా?" అన్నాడు రసూల్ సాహెబ్ కంగారుగా.

"ల్యాకుండానే. మధ్యాన్నం తిన్నాక అర్ధగంట నడుం వాల్చు, సెల్లుల అలారం మోగుతానే నేను లేపుతా. సందకాడ టీ ల్యా. స్టేషను దాంక నడిచి రా, నీ సావాసగాళ్ళు ఉంటారు గదా ఆడ. తొమ్మిదిన్నర దాంక మంచం ఎక్కేది ల్యా. అప్పటికీ సరిపోకపోతే డాక్టరమ్మ రమ్మనింది, పోదాం. ఇంగ పరుపు చూసేది నేను."

"నువ్వు చూస్తావా?" ముసలాయన నిటారుగా కూర్చున్నాడు. ఇంతసేపటి మాటల్లో ఆయనకు ఎక్కువగా తగిలింది అదే. "మా నాయన నాకు చెప్పిన పని, నువ్వు చూస్తావా?"

"నా వీపు గూడా వీపే."

రసూల్ సాహెబ్ ఆమెను ఎగాదిగా చూశాడు. అప్పుడు ఆయనకు నవ్వు వచ్చింది. ముందు భుజాలు ఊగాయి, తర్వాత కడుపు ఊగింది, చివరికి కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. తువ్వాలు పోయిన రోజు నుంచి ఆ నవ్వు వినలేదు ఆ అంగడి. మాబున్నీసా కూడా నవ్వింది. గెలిచాననుకుంది.

నిస్సార్ జేబులోంచి తాళంచెవి తీశాడు. తీశాడు కానీ ఇవ్వలేదు. పిడికిట్లో పెట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

"ఇయ్యి" అంది మాబున్నీసా. "ఆ మాత్రలు గూడా మోరీలో పారేద్దాం. ఆ పీడ గూడా వదిలిపోతాది." దారాల డబ్బా మూత తీసి, ఉండల అడుగున చెయ్యి పెట్టి అట్ట పైకి లాగింది.

అట్టలో మూడు మాత్రలే ఉన్నాయి.

ఆమె అట్ట తిప్పి చూసింది. మళ్ళీ తిప్పి చూసింది. శనివారం తన చేత్తో లెక్కపెట్టి దాచింది ఆరు. ఆమె ఒంట్లో రక్తం మొహంలోకి ఎగజిమ్మింది. ఇంత చేసి, ఇంతసేపు కొడుకు ముందు ఈయన తరఫున వకాల్తా పుచ్చుకుంటే, వెనక ఈయన చేసిన నిర్వాకం ఇదా!

"ఏమయ్యా! దొంగతనంగా మింగినావా?"

"నేనా?" రసూల్ సాహెబ్ నవ్వు ఆగిపోయింది. "అల్లా సాక్షిగా ల్యా, మాబూ. నువ్వు వద్దన్న దినం నుంచి ఆ డబ్బా తట్టు చూసింటే ఒట్టు."

ఆమె ఆయన్ని తిట్టడానికి నోరు తెరిచి, గుడ్డ వంక చూసి ఆగిపోయింది. చివరి ఐదు వరసలు. పొద్దున పూట ఒక్క ఎర్రటాకా లేదు. ఆ కుట్టు ఎవరిదో కాదు, తనది. తను కుట్టిన టాకా తనే నమ్మకపోతే ఎట్లా? మాత్ర మింగినవాడు మర్నాడు పొద్దున తూగాలి. ఈ ఐదు రోజులూ పొద్దున ఈయన తూగలేదు.

మరి తూగింది ఎవరు?

మాబున్నీసా మెల్లగా తల ఎత్తింది. తప్పుగా పెట్టుకున్న చొక్కా గుండీలు చూసింది. ఎర్రటి కళ్ళు చూసింది. ఊడ్చిన చోటే ఊడ్చిన చీపురు చూసింది. నిన్న ఎనిమిదయినా లేవకపోతే నీళ్ళు చల్లుతానని తను బెదిరించింది వీణ్ణే. నాకే అంత నిద్ర లేదమ్మా అని ఇందాక వీడు చెబుతూనే ఉన్నాడు. పన్నెండు రోజులు ఒక ముసలాయన నిద్ర లెక్కపెట్టిన తల్లికి పక్కగదిలో కొడుకు మేలుకున్న సంగతి తెలియలేదు.

"నిస్సారూ" అంది. గొంతులో కోపం లేదు.

"నేనే మా. నువ్వు దాచేది చూసినా. మూడు రేత్రులు మింగినా." అతను గోడకు చేరబడ్డాడు. "పట్టేదే ల్యా. పండుకుంటే గుండె దడదడ అంటాది."

"మిషను అమ్మేదానికి ఇంత బాధనా నాయనా? అమ్మొద్దులే. చెప్పినా గదా."

నిస్సార్ తల అడ్డంగా ఊపాడు. బయట సందు మొదట్లో బండి హారన్ మోగింది. పదకొండు కాకముందే వచ్చింది.

"మిషను ఒగటే అయితే నిద్ర పట్టేది మా" అన్నాడు. "అంగడి గూడా ఆ ఆదోని ఆయనకే ఇస్తానని మాటిచ్చినా. ఈ పొద్దు ఆయన వచ్చేది కొలతలు తీసుకునేదానికి."

రసూల్ సాహెబ్ వేలు ఎర్రటాకా మీద ఆగిపోయింది. ఆయన తల ఎత్తలేదు. మాబున్నీసా లేచింది. కొడుకు దగ్గరికి నడిచి, పిడికిలి విప్పి, తాళంచెవి తీసుకుని కొంగుకు ముడి వేసుకుంది. తప్పిన గుండీలు విప్పి మళ్ళీ సరిగ్గా పెట్టింది. తర్వాత గడపలోకి పోయింది. బండి దిగిన మనిషి చేతిలో కొలత టేపు పట్టుకుని బోర్డు వంక చూస్తున్నాడు.

"ఏమప్పా, రవంత సేపు ఆ నీడన కూర్చో" అంది మాబున్నీసా. "ఈడ గడ్డ తగిలింది. విప్పి చూసిందాంక ఏదీ ఇచ్చేది ల్యా."